సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీమ్: అమ్మ చేతికి ఐదు వారాలు రాశాక

మూడేళ్ల క్రితం అమ్మ ఎడమ చేతి మీద మరిగే నీళ్లు పడ్డాయి. మోచేతి నుంచి మణికట్టు దాకా బొబ్బలెక్కింది. ఇరవై నిమిషాలు కుళాయి కింద చెయ్యి పెట్టించి ఆస్పత్రికి తీసుకెళ్లాం. అక్కడ రాసిచ్చింది 1 శాతం సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీమ్. రోజుకు రెండుసార్లు, ఐదు వారాల పాటు, నేనే రాశాను. ఆ తర్వాత నా కాలికి కూడా ఒకసారి వాడాను.

తెల్లగా, మెత్తగా ఉంటుంది. రాసిన నిమిషంలో చల్లగా తగిలి అమ్మ ముఖంలో బిగువు సడలేది. ఆ ఒక్క ఉపశమనానికే ఈ మందు మీద నాకు గౌరవం. పల్చగా పూస్తే సరిపోదు. దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందాన, కింద గాయం కనపడకుండా రాయాలి. ఎక్కడైనా తుడుచుకుపోతే మళ్లీ రాయాలి. దాంతో ట్యూబులు అనుకున్నదానికంటే త్వరగా అయిపోతాయి.

అసలు కష్టం రాయడంలో లేదు, కడగడంలో ఉంది. కొత్త పూత వేసే ముందు పాతది పూర్తిగా పోవాలి. గోరువెచ్చని నీళ్లతో, గాజుగుడ్డతో మెల్లగా తీస్తుంటే మొదటి వారం అమ్మ కళ్లల్లో నీళ్లు ఆగేవి కావు. డాక్టర్‌ను అడిగితే, కడగడానికి అరగంట ముందు నొప్పి మాత్ర వేయమన్నారు. అప్పటి నుంచి ఇద్దరికీ కాస్త ఊపిరాడింది. ఈ మాట మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

నాలుగో రోజు కట్టు విప్పితే గాయం మీద పసుపు, బూడిద రంగులు కలిసిన జిగురు పొర. చీము పట్టిందని టెన్షన్‌తో పరుగెత్తాం. నర్సు చూసి, "చీము కాదమ్మా, మందూ గాయంలోంచి వచ్చే రసీ కలిసి కట్టిన పొర ఇది" అంది. ఈ మందుతో ఇది మామూలేనట. కానీ ఆ పొర వల్ల గాయం ఎంత లోతుందో డాక్టర్లకు సరిగ్గా తెలియదు. అందుకే పెద్ద గాయమైతే డాక్టర్ చూడకముందే దీన్ని పూసెయ్యకండి. దుర్వాసన, చుట్టూ పాకే ఎరుపు, పెరుగుతున్న నొప్పి, జ్వరం ఉంటే మాత్రం పొరేలే అనుకుని ఊరుకోవద్దు.

1960ల చివర్లో వచ్చిన మందు ఇది. వెండి బ్యాక్టీరియా కణాల పైపొరను దెబ్బతీస్తుంది, సల్ఫా భాగం అవి పెరగకుండా ఆపుతుంది. కాలిన గాయాల్లో అందరూ భయపడే సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తుంది. అమ్మకు షుగర్ ఉన్నా ఇన్ఫెక్షన్ రాలేదు. అందులో ఈ క్రీమ్ వాటా ఎంతో, రోజూ శుభ్రంగా కడిగినదాని వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

ఇక నాకు నచ్చనిది. గాయం మానడాన్ని ఇది ఆలస్యం చేస్తుంది. కాలిన గాయాల కట్లపై 2013లో వచ్చిన కాక్రేన్ (వైద్య అధ్యయనాలన్నీ కలిపి పరిశీలించే సంస్థ) సమీక్ష కూడా, సిలికాన్ పూత కట్ల లాంటివాటితో పోలిస్తే ఈ క్రీమ్ వెనకబడిందనే తేల్చింది. పదహారో రోజున మోచేతి దగ్గర గులాబీ రంగు కొత్త చర్మం కనపడగానే డాక్టర్ అక్కడ క్రీమ్ ఆపించి, అంటుకోని కట్టు వేశారు. వారంలో ఆ భాగం మూసుకుపోయింది. మణికట్టు దగ్గర లోతుగా కాలిన చోట మాత్రం ఐదు వారాలూ క్రీమే. ఒకే చేతి మీద తేడా చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను: కొత్త చర్మం మొదలైందంటే ఈ మందు ఇంకా కావాలా అని డాక్టర్‌ను అడగండి. బైక్ సైలెన్సర్ తగిలి నా పిక్క కాలినప్పుడు అడక్కుండా మూడు వారాలు రాసుకున్నాను. అంత చిన్న గాయానికి అది అనవసరం.

సల్ఫా మందులు పడనివాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. మాకు రాసిచ్చిన చోట ఆ ప్రశ్నే అడగలేదు. పెట్టెలోని కాగితం చదివి నేనే అమ్మను అడిగి తెలుసుకున్నాను. నెలలు నిండుతున్న గర్భిణులకు, నెలలు నిండక పుట్టినవాళ్లకు, రెండు నెలల లోపు పిల్లలకు వాడకూడదని కూడా అందులోనే ఉంది. జి6పిడి లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి. వెలుతురు తగిలి క్రీమ్ నల్లబడితే పారెయ్యాలి.

పోయిన నెల మా బంధువులమ్మాయి ఫోన్ చేసింది. నలభై రోజుల పాప కాలి మీద వేడినీళ్లు పడ్డాయి, "అక్కా, నీ దగ్గర ఆ తెల్ల క్రీమ్ ఉందా?" అని. ఉంది, సగం ట్యూబు. ఇవ్వలేదు. కాలు కుళాయి నీళ్ల కింద పెట్టి, పాప ఒళ్లు మాత్రం వెచ్చగా కప్పి, వెంటనే ఆస్పత్రికి వెళ్లమన్నాను. వాళ్లు దారిలో ఉన్నంతసేపూ ఫోన్ పెట్టలేదు.