కోరింగ వెళ్లేముందు పోటుపాట్లు చూసుకోండి

కాకినాడలో ఒక టూర్ ఏజెంటు మనిషికి 1,850 చొప్పున మా నలుగురికి 7,400 తీసుకుని, కోరింగ మడ అడవులు ఒక్క రోజులో చూపించేస్తానన్నాడు. కారు, ప్రవేశ రుసుము, చెక్కవంతెన మీద నడక, పడవ షికారు, భోజనం అన్నీ అందులోనే. పన్నెండు గంటలకు, సరిగ్గా నిండు పోటులో, వంతెన మీద నడిపించాడు. కింద నీళ్లు, పైన ఆకులు తప్ప ఏమీ కనపడలేదు. నాలుగున్నరకు రేవు దగ్గరికి చేర్చేసరికి పాయలో నీళ్లు తీసేశాయి. ఇప్పుడు దూరం వెళ్తే పడవ బురదలో కూర్చుంటుందని చెప్పి ఇరవై నిమిషాల్లో దింపేశారు. పడవ నడిపేవాళ్లు చెప్పింది నిజమే. తప్పంతా వరస తిరగేసిన ఏజెంటుది. పక్షుల కోసమే వచ్చిన ఇద్దరు రాత్రి భోజనం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇక్కడ పడవకు నీళ్లు నిండాలి, నడకకు నీళ్లు తీయాలి. రెండూ ఒకే వేళకు కుదరవు. సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి, రెండుసార్లు పాటు తీస్తుంది. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఆ వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అందుకే పోయిన వారం వెళ్లొచ్చిన స్నేహితుడు ‘పదింటికి అద్భుతంగా ఉంది’ అన్నాడని ఈ వారం పదింటికి వెళ్తే సరిగ్గా తలకిందులవుతుంది. అమావాస్య, పున్నమి దగ్గర్లో నీళ్లు బాగా ఎక్కి బాగా తీస్తాయి. అష్టమి అటూఇటూ ఆ తేడా తక్కువ. వేళలు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ పోట్ల అంచనాలు ఇస్తుంది, ఫోన్లో టైడ్ యాప్‌లూ ఉన్నాయి. కాకినాడ రేవు వేళ పట్టుకోండి. మడ పాయల్లోకి పోటు కాస్త ఆలస్యంగా చేరుతుంది, ఆ మేరకు కలుపుకోవాలి.

సరైన వరస ఇది: పోటు నిండడానికి గంట ముందు పడవ ఎక్కాలి, దిగాక తీరిగ్గా భోజనం చెయ్యాలి, పాటు సగం దాటాక వంతెన మీదికి వెళ్లాలి. మర్నాడు ఇలాగే ఆటో మాట్లాడుకుని వెళ్తే రానుపోను, ఆగినందుకూ కలిపి 800 అయింది. ముందురోజు మూతి ముడిచినవాళ్లే చీకటి పడేదాకా కదలనన్నారు.

యానాం రోడ్డులో చొల్లంగి ప్రాంతానికి చేరితే చాలు, అడవి రోడ్డుకు దగ్గరే. 1978లో అభయారణ్యమైన ఈ 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి గౌతమి పాయలైన కోరింగ, గాడేరుల చుట్టూ అల్లుకుంది. వంతెన మీద వడివడిగా నడిచేస్తే ఏమీ కనపడదు. ఒక మలుపు దగ్గర పది నిమిషాలు కదలకుండా నిలబడండి. ముందు బురదంతా ఖాళీ. తర్వాత కన్నాల్లోంచి చిన్న పీతలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. మగదానికి ఒక కొండి ఒంటికి మించినంత పెద్దది. దాన్ని ఎత్తి దించి, ఎత్తి దించి ఆడపీతను పిలుస్తుంది. పక్కనే కళ్లు నెత్తి మీదున్న బురదచేప రెక్కల మీద పాకుతూ గెంతుతుంది. ఎవరైనా గట్టిగా అడుగేస్తే చాలు, చెక్క అదురుకే అన్నీ మాయం. పిల్లల్ని పరిగెత్తనివ్వొద్దని చెప్పేది ఇందుకే.

తెల్లమడ ఆకును వేలితో రుద్ది నాలుక మీద పెట్టుకోండి, ఉప్పగా తగులుతుంది. వేళ్లు పీల్చిన ఉప్పును చెట్టు ఆకుల మీదికి అలా వదిలేస్తుంది. బురదలోంచి పెన్సిళ్లలా లేచినవి దాని శ్వాసవేళ్లు. ఉప్పుపొన్న గింజ మాత్రం చెట్టునుండగానే మొలకెత్తి, మునక్కాయలా పొడుగ్గా వేలాడుతుంది. తిల్ల చెట్టు జోలికి మాత్రం పోవద్దు. కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఏది తిల్లో, ఏది మడో పోల్చుకోలేనివాళ్లు ఏ ఆకూ ముట్టకపోవడం మంచిది.

పక్షులకు నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. పాటులో బురద బయటపడితే వలస పక్షులు మేతకు దిగుతాయి, లకుముకి పిట్టలు పాయ అంచునే కూర్చుంటాయి. బైనాక్యులర్ లేకుండా వెళ్తే సగం పోయినట్టే. బావురుపిల్లి ఇక్కడ ఉంది, నీటికుక్కలూ ఉన్నాయి. కానీ బావురుపిల్లి రాత్రి తిరిగేది. దాని ఫొటో వేసి పగటి ప్యాకేజీ అమ్మేవాళ్లకు డబ్బు కట్టొద్దు.

హోప్ ఐలాండ్‌ను ఇదే రోజు కలపమని ఒత్తిడి చేస్తారు. కలపొద్దు. కాకినాడ రేవుకు అడ్డుగోడలా సముద్రంలో సాగిన ఇసుక దిబ్బ అది, రానుపోను పడవలోనే పూట గడిచిపోతుంది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక కాబట్టి అటవీశాఖ అనుమతి ముందే తెచ్చుకుని, లైట్లు లేకుండా, గుంపుగా కాకుండా వెళ్లాల్సిన చోటు.

బస కాకినాడలోనే మేలు. 1,800 గది శుభ్రంగా ఉంది, అంతకంటే చెప్పేదేం లేదు. బట్టలు నిండు చేతులవి, చెప్పులు బురదలో ఊడనివి. దోమల మందు సాయంత్రానికి తప్పనిసరి.

తిండి విషయంలో ఇంకో మోసం జరిగింది. జనవరిలో ఒక భోజనశాలలో పులస పులుసని ప్లేటు 900 వేశారు. వరదనీరు వచ్చినప్పుడు సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే ఇలస చేపనే పులస అంటాం, దాని కాలం వానాకాలం. జనవరిలో పెట్టింది ఎక్కడిదో ఇలస, లేదా ఐసు పెట్టె సరుకు. ముల్లు తీసిన చోట కండ పిండిలా రాలిపోయింది, నూనె జాడే లేదు. ఆ రోజుల్లో పండుగప్ప అడగండి, లేదా మండపీత. పీతను తూచేటప్పుడు పక్కనే ఉండాలి. కొండీలు కట్టిన తాడును నీళ్లలో నానబెట్టి, దాంతో సహా తూస్తారు. తాడు బరువు తీసేసి లెక్క కట్టమంటే తీస్తారు, అడగాలి అంతే.