అమెరికా రాజ్యాంగం: మూలపాఠంతో చెప్పాలా, కోర్టు కేసులతోనా?

హైస్కూలు పిల్లలకి 1787 నాటి మూలపాఠాన్ని, అంటే ఏడు అధికరణాలనీ, తర్వాత చేరిన 27 సవరణలనీ వరుసగా చదివిస్తే ఒక లాభం ఉంది. చట్టం చేసేది కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు), అధ్యక్షుడు వీటో చేసినా రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లతో దాన్ని దాటొచ్చు అనే అమరికంతా ఒక క్రమంలో తెలుస్తుంది. కానీ చాలామంది పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేస్తారు.

కేసులతో మొదలుపెడితే అలా కాదు. వియత్నాం యుద్ధానికి నిరసనగా 1965లో డెమోయిన్‌లో కొందరు విద్యార్థులు చేతికి నల్ల పట్టీలు కట్టుకుని బడికెళ్తే సస్పెండ్ చేశారు, 1969లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో పిల్లల పక్షానే తీర్పిచ్చింది. వాళ్లలో ఒకరైన మేరీ బెత్ టింకర్‌కి అప్పుడు పదమూడేళ్లే అని చెప్పి చూడండి, క్లాసంతా చెవులు రిక్కిస్తుంది! "మరి మా బ్యాగు వెతకొచ్చా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. వారంట్ అక్కర్లేదు, సహేతుకమైన అనుమానం ఉంటే బడివాళ్లు వెతకొచ్చని 1985లో టి.ఎల్.ఓ. అనే విద్యార్థిని కేసులో కోర్టు చెప్పింది, అలా అకారణ సోదాల్ని అడ్డుకునే నాలుగో సవరణ దానంతటదే చర్చకొస్తుంది.

కేసుల్లో చిక్కల్లా హక్కుల మోజులో పడి అధికార విభజన వెనకబడటం. అందుకే కాంగ్రెస్ అనుమతి లేకుండా స్టీలు మిల్లుల్ని అధ్యక్షుడు ట్రూమన్ స్వాధీనం చేసుకుంటే 1952లో కోర్టు కొట్టేసిన కేసు కూడా కలపాలి. నా ఓటు మాత్రం ముందు కేసుకే, ఆ వెంటనే మూలపాఠంలో ఆ కేసుకి సంబంధించిన వాక్యం తీసి చదివించాలి.