పద్మినిలో డీజిల్ ఇంజిన్: ముందు స్ప్రింగులకు రబ్బర్లా, ప్యాకింగా, లావు తీగా?

నాన్నగారి ప్రీమియర్ పద్మినిలో 1089 సీసీ పెట్రోల్ ఇంజిన్ తీసి డీజిల్ ఇంజిన్ వేయించాక బండి ముక్కు కిందకి వాలిపోయింది. ఫెండర్ అంచు నుంచి చక్రం మధ్య వరకు టేపు పెట్టి చూస్తే మునుపటి కంటే 30 మి.మీ. తక్కువ. వేబ్రిడ్జి మీద ముందు చక్రాలు మాత్రం ఎక్కించి తూయిస్తే 490 కిలోలు. పాత ఇంజిన్‌తో 430 ఉండేది.

మెకానిక్ మొదట చెప్పింది రబ్బర్లు. స్ప్రింగు చుట్ల మధ్య ఇరికిస్తే బండి వెంటనే లేస్తుంది, ఖర్చూ తక్కువే. నెల రోజులు వాడాను. రబ్బరు పట్టేసిన చుట్టు సరిగా పనిచేయదు, ఆ భారం మిగతా చుట్ల మీద పడుతుంది. విప్పి చూస్తే రబ్బరు ఒరుసుకున్న చోట పెయింటు పోయి తీగ మీద తుప్పు గీత పడింది. స్ప్రింగు విరగడం మొదలయ్యేది అలాంటి గీత దగ్గరే. నాన్నగారిని కూర్చోబెట్టుకుని తిరిగే బండికి అది వద్దనుకున్నాను.

స్ప్రింగు కింద ప్యాకింగ్, అంటే ఎత్తు కోసం ఒక మందపాటి బిళ్ల, పెట్టడం దానికంటే నయం. ఎత్తు సరిపోతుంది కానీ గట్టిదనం పెరగదు. బ్రేకు వేస్తే ముక్కు అలాగే వంగుతుంది. పెద్ద గుంతలో చుట్లు ఒకదానికొకటి తగిలే ప్రమాదం కూడా ఉంది.

నా ఓటు లావు తీగతో కొత్తగా చుట్టించిన స్ప్రింగులకే. ఇక్కడే చాలామంది పొరపడతారు. తీగ మందం కొద్దిగా మారినా గట్టిదనం నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే మందం రెట్టింపైతే గట్టిదనం పదహారు రెట్లు. చుట్ల సంఖ్య, వెడల్పు మార్చకుండా 12 మి.మీ. తీగను 12.5 చేస్తే దాదాపు 18 శాతం, 13 చేస్తే 38 శాతం. ముందు భారం పెరిగింది 14 శాతమే కదా, అరమిల్లీమీటరు చాలు. 13 వేస్తే బండి ఎగిరెగిరి పడుతుంది, పాత షాక్ అబ్జార్బర్లు దాన్ని ఆపలేవు. ఖర్చు ఎక్కువే, చుట్టేవాళ్ల కోసం వారం ఆగాలి కూడా. అయినా ఇదే మేలు. స్ప్రింగులు మాత్రం జతగానే మార్చాలి.

300 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ టేపు పెట్టాను. కొత్త స్ప్రింగులు 4 మి.మీ. దిగాయి. వీల్ అలైన్‌మెంట్ అప్పుడు చేయించాను.