పీపీటీని వర్డ్‌కి పంపే ‘అవుట్‌లైన్ ఓన్లీ’: రెండేళ్లు వాడాక

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేదీ నేనే. పిక్కలు ఉడకబెట్టే కుక్కర్ మొదలుకొని కటింగ్, బోర్మా (పప్పు ఆరబెట్టే వేడి గది), పీలింగ్, గ్రేడింగ్ దాకా సెక్షన్‌కో పీపీటీ చేసుకున్నాను. మొత్తం పదకొండు, స్లయిడ్లు రెండొందల పైమాటే. వాటన్నిటినీ ఒక మాన్యువల్‌గా చెయ్యమని యజమాని అడిగి రెండేళ్లయింది. అప్పట్నుంచీ పవర్‌పాయింట్‌లోని ఈ ఒక్క ఆప్షన్‌తోనే నా సాము.

హ్యాండౌట్లు వర్డ్‌కి పంపేటప్పుడు అయిదు రకాలు చూపిస్తుంది కదా, వాటిలో చివరిది ఇది. బొమ్మలు వదిలేసి టైటిల్, దాని కింద పాయింట్లు, అన్నీ స్లయిడ్ల వరసలోనే వర్డ్‌లో దింపేస్తుంది. మొదటిసారి నొక్కినప్పుడు ప్రాణం లేచొచ్చింది. నెల రోజులు రాత్రిళ్లు కూర్చుని టైప్ చెయ్యాల్సిన మేటరు గంటలో నా ముందుంది. కాశీబుగ్గలో జెరాక్స్ షాపు నడిపే మా బావమరిదికి ఆ రోజే ఫోన్ చేసి చెప్పాను, ఇక టైపింగ్ పని మానెయ్యొచ్చురా అని.

హెడింగులు సరిచేసి, బొమ్మలు అతికించి, స్పైరల్ బైండింగ్ చేయించి, సెక్షన్‌కో కాపీ ఇచ్చాను. కుక్కర్ దగ్గర పనిచేసే పెద్దాయన చదివేది నెమ్మదే గానీ అక్షరం వదలడు. మూడోరోజు మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని నా దగ్గరకొచ్చాడు.

“ఏటి బాబూ, ఇందల ఆవిరి ఇడిసీది నేదేటి? ముల్లు సున్నాకి రాకండా మూత తీసెత్తే మొకం కాలిపోదా?”

తీసుకుని చూశాను. నాలుగో అంచె: ఆవిరి వాల్వ్ కట్టెయ్యాలి. అయిదో అంచె: మూత బోల్టులు వదులు చెయ్యాలి. ఈ రెంటికీ మధ్య, లోపలి ఆవిరి వదిలే డ్రెయిన్ కాక్ తిప్పి, గేజీలో ముల్లు సున్నాకి దిగేదాకా ఆగాలన్న మాట ఉండాలి. లేదు. నా చేతులు చల్లబడిపోయాయి. ఆ పుస్తకం చదివి ఎవరైనా కొత్త కుర్రాడు మూత తిప్పి ఉంటే?

స్లయిడ్ తెరిచాను. ఆ మాట అక్కడ ఉంది. అందరికంటే ముందు కంటబడాలని నేనే దాన్ని పాయింట్లలోంచి తీసి, ఎర్ర గీతల డబ్బాలో విడిగా పెట్టాను. అవుట్‌లైన్ పంపేది టైటిల్‌కీ పాయింట్లకీ లేఅవుట్‌లో ముందే ఉన్న చోట్లలో రాసిందాన్నే. మనం విడిగా గీసుకున్న టెక్స్ట్ బాక్సులు, టేబుళ్లు, స్మార్ట్ఆర్ట్ (పవర్‌పాయింట్ రెడీగా ఇచ్చే డబ్బాలూ బాణాల బొమ్మలు) దానికి పట్టవు. పోయిందని ఒక్క మాట హెచ్చరించదు కూడా. గ్రేడింగ్ టేబుల్ పోయినప్పుడు (డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 పప్పులు, అలాంటి వరసలన్నీ) హెడింగ్ కింద ఖాళీ కనబడింది కాబట్టి వెంటనే పెట్టేశాను. ఇక్కడ ఖాళీ లేదు. నాలుగు తర్వాత అయిదు అతుక్కుపోయింది. నేను ప్రమాదం అనుకున్న ప్రతి మాటనీ డబ్బాలోనే పెట్టే అలవాటు నాది. అంటే మాన్యువల్‌లోంచి సరిగ్గా ఆ మాటలే జారిపోయాయి. ఆ రాత్రి కూర్చుని లెక్కపెడితే పంతొమ్మిది తేలాయి. కాపీలన్నీ వెనక్కి తీసుకున్నాను.

ఇప్పుడు వర్డ్‌కి పంపేముందు వ్యూలో అవుట్‌లైన్ వ్యూ తెరిచి పై నుంచి కిందికి చదువుతాను. అందులో కనబడనిది వర్డ్‌లోకీ రాదు. అనుమానం వచ్చిన స్లయిడ్ దగ్గర ఆల్ట్, ఎఫ్ 10 కలిపి నొక్కితే పక్కన సెలెక్షన్ పేన్, అంటే ఆ స్లయిడ్‌లో ఉన్నవాటి పేర్ల జాబితా, వస్తుంది. పేర్లు మనం మార్చి ఉండకపోతే టెక్స్ట్ బాక్స్ అన్న పేరున్నవన్నీ పోయేవే. వాటిని కట్ చేసి పాయింట్లలో పేస్ట్ చేస్తాను. రెండొందల స్లయిడ్లకు ఇలా చేస్తే వారం పట్టింది. గంటలో అయిపోయిందని బావమరిదితో అన్న మాట టైపింగ్ వరకే నిజం.

ఇంకోటి. మూడు పీపీటీలు, ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు రూపం తొడిగే పాత అను ఫాంట్లలో ఉన్నాయి. వర్డ్‌లో ఫాంట్ గౌతమికి మార్చగానే తెలుగంతా ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ అయి కూర్చుంది. అవి మళ్లీ టైప్ చేసుకోవాల్సి వచ్చింది. దీనికి మాత్రం ఆ ఆప్షన్‌ని తప్పుపట్టను. బొమ్మల సంగతి నయం: పీపీటీ కాపీ తీసి, పేరు చివర పీపీటీఎక్స్ బదులు జిప్ అని పెట్టి తెరిస్తే మీడియా ఫోల్డర్‌లో అన్నీ దొరికాయి. స్క్రీన్‌షాట్లకన్నా ఎంతో శుభ్రంగా ఉన్నాయి.

క్లాసులో నోటితో చెప్పే సంగతి స్లయిడ్లో ఉండదు. ‘వాల్వ్ – నెమ్మదిగా’ అని రాసి, ఎంత నెమ్మదిగానో చేత్తో తిప్పి చూపిస్తాను. కాగితం మీద చెయ్యి ఉండదు కదా. అందుకని ఇప్పుడు చెప్పే ముక్కలన్నీ స్లయిడ్ కింద నోట్స్‌లో రాస్తున్నాను. నోట్స్‌తో సహా పంపే ఆప్షన్ ఇంకోటుంది గానీ స్లయిడ్లన్నీ లోపల పెట్టేసి ఫైలుని ఎంత బరువు చేస్తుందంటే, నా పాత లాప్‌టాప్ స్క్రోల్ చెయ్యడానికే మొరాయిస్తుంది. కొత్త కంప్యూటరున్నవాళ్లకు అదే మేలేమో.

స్లయిడ్లన్నీ ఒక్కరే, మొదట్నుంచీ లేఅవుట్‌లోని చోట్లలోనే రాసి ఉంటే అవుట్‌లైన్ ఓన్లీ బాగానే పనికొస్తుంది. నలుగురు నాలుగు రకాలుగా చేసిన పీపీటీలైతే నేను వాడమని చెప్పలేను. నేనైతే కటింగ్, పీలింగ్, గ్రేడింగ్‌లకు ఇప్పటికీ దాన్నే వాడుతున్నాను. బాయిలర్, కుక్కర్ అధ్యాయాలు మాత్రం స్లయిడ్ పక్కన పెట్టుకుని ఒక్కో అంచే టైప్ చేసి, ప్రింటు ముందు పెద్దాయనకు చదివి వినిపిస్తున్నాను.