కగ్గదాసపురలో క్యాట్ బోర్డింగ్: పిల్లిని వదిలి ఊరెళ్లొచ్చాక నా రివ్యూ

పండక్కి ఊరెళ్లాలంటే బెంగళూరులో పిల్లి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే గొడవ, దాన్ని ఎవరి దగ్గర వదలాలి అని. మా చిట్టిని ఈసారి కగ్గదాసపురలో ఒకావిడ ఇంటి పై ఫ్లోర్‌లో నడిపే బోర్డింగ్‌లో పెట్టాం, బోర్డు కూడా ఉండదు, తెలిసినవాళ్లు చెప్తే వెళ్లాం. ఆవిడ చింతామణి వైపు వాళ్లు, తెలుగు బాగా మాట్లాడతారు. పిల్లుల్ని మాత్రమే తీసుకుంటారు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. అంతకుముందు చూసిన ఇంకో చోట ఏసీ ఉంది, ఫోన్‌లో చూసుకోడానికి కెమెరా ఉంది, కానీ గోడ అవతలే కుక్కలు, ఒకటే మొరుగుడు, అక్కడ పిల్లికి ఏసీ ఉంటే మాత్రం ఏం లాభం అండి.

ఇక్కడ ఒక్కో పిల్లికి ఒక్కో చిన్న గది లాంటిది, అందులో ఎత్తుగా ఒక అరుగు, కింద పక్కకి కన్నం కోసిన అట్టపెట్టె. ఆ అట్టపెట్టె చూసే నేను అక్కడికక్కడే ఓకే అన్నాను. నెదర్లాండ్స్‌లో యూట్రెక్ట్ యూనివర్సిటీ వాళ్లు 2014లో ఒక షెల్టర్‌కి కొత్తగా వచ్చిన 19 పిల్లుల మీద స్టడీ చేశారు, దాదాపు సగం పిల్లులకి దాక్కోడానికి పెట్టె ఇచ్చారు, మిగతావాటికి ఇవ్వలేదు. పెట్టె ఉన్నవాటికి మూడో రోజుకల్లా స్ట్రెస్ బాగా తగ్గింది, లేనివి ఆ స్థాయికి రావడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. మనం పండక్కి వెళ్లేదే వారం పది రోజులు, అంటే పెట్టె లేని చోట మన పిల్లి ఉన్న రోజుల్లో చాలావరకు భయంతోనే గడిపే అవకాశం ఉందన్నమాట.

మొదట్లో వీడియోల్లో చిట్టి తోక తప్ప ఏం కనిపించలేదు, మా అమ్మ ఒకటే కంగారు. ఫోన్ చేస్తే ఆ బోర్డింగ్ నడిపే అక్క "దాన్ని లాగి బయటికి తియ్యనమ్మా, తనంతట తనే వస్తది, తింటోందా లేదా అదొక్కటే నేను చూస్తా" అన్నారు. ఈ మాట చాలా కరెక్ట్. పిల్లి రెండు మూడు రోజులు అస్సలు తినకపోతే లివర్ దెబ్బతినే ప్రమాదం ఉంది, లావుగా ఉన్నవాటికి ఇంకా ఎక్కువ, అందుకే ఆవిడ ప్రతి పూటా గిన్నెలో ఎంత మిగిలిందో ఫోటో పెట్టేవారు. తర్వాత మెల్లిగా చిట్టి తనే అరుగెక్కి కూర్చుంది. కళ్లు నెమ్మదిగా మూసి తెరిచి పలకరిస్తే దగ్గరికొచ్చిందని కూడా చెప్పారు, ఇదేదో ముద్దుకి చెప్పే మాట కాదు, ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు 2020లో టెస్ట్ చేసి చూశారు, కొత్త మనిషి అలా చేసినా పిల్లులు దగ్గరికి రావడం పెరిగింది.

నచ్చనివి కూడా చెప్తా. లిట్టర్ ట్రే, అంటే పిల్లి దొడ్డికెళ్లడానికి మట్టి లాంటిది పోసి పెట్టే ట్రే, తిండిగిన్నెకి మరీ దగ్గరగా పెట్టారు, పిల్లులకి అది అస్సలు పడదు, చెప్తే మార్చారు. వాడే లిట్టర్ బాగా దుమ్ము. లిఫ్ట్ లేదు, క్యారియర్ మోసుకుంటూ మూడు ఫ్లోర్లు ఎక్కాలి. రోజుకి 700 తీసుకుంటారు, తిండి మనదే. రేబిస్, త్రీ ఇన్ వన్ (పిల్లులకొచ్చే మూడు వైరస్ జబ్బులకి కలిపి వేసేది) వ్యాక్సిన్ కార్డు చూపించకపోతే లోపలికే రానివ్వరు, ఆ విషయంలో మొహమాటం లేదు, అలాగే ఉండాలి.

అన్ని పిల్లులకీ బోర్డింగ్ పడదు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. జ్యూరిక్‌లో కెస్లర్, టర్నర్ అనే ఇద్దరు 1997లో బోర్డింగ్ పిల్లుల్ని రెండు వారాలు గమనిస్తే మూడింట రెండొంతులు సర్దుకున్నాయి, మిగతావి ఇబ్బంది పడ్డాయి, ఓ 4 శాతం అయితే అసలు సర్దుకోనే లేదు. మీది చుట్టాలొస్తేనే మంచం కిందనుంచి రోజంతా బయటికి రాని రకమైతే ఇంటికే వచ్చి చూసుకునే మనిషిని పెట్టుకోండి. లేదంటే ముందు ఒక వీకెండ్ వదిలి చూడండి, అక్క దానికి ఒప్పుకుంటారు, కాకపోతే సంక్రాంతి టైమ్‌కి నవంబర్‌లోనే నిండిపోతుంది.