గాయత్రీ ఎస్టేట్‌లో రన్నర్ల బాధ తెలిసిన ఫిజియోథెరపీ సెంటర్

కర్నూలులో పరుగెత్తేవాళ్లు, ముఖ్యంగా పది కిలోమీటర్లు దాటి హాఫ్ మారథాన్‌కో (21 కిలోమీటర్లు) ఫుల్ మారథాన్‌కో పోవాలనుకునేవాళ్లు, కాలు పట్టేస్తే ముందు ఇక్కడ చూపించుకోండి. నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఐదోది ఎందుకు ఆపానో కింద చెప్తాను.

నేను ఊళ్లో 5కే, 10కే (ఐదు, పది కిలోమీటర్ల) రేసులతో మొదలుపెట్టి హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ దాకా వచ్చాను. పీపుల్స్ ప్లాజా దగ్గర బయల్దేరి గచ్చిబౌలి స్టేడియం చేరేలోపు ఫ్లైఓవర్లు వస్తూనే ఉంటాయి, ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, దిగేటప్పుడు కాళ్లు అదిరిపోతాయి. అయినా మెడల్ మెళ్లో పడిన రోజే ఫుల్ మీద మనసు పడింది. 42.195 కిలోమీటర్లు. దానికోసం దూరం పెంచుతుంటే ఎడమ మోకాలి కింద, ముందరి ఎముక లోపలి అంచు వెంట నొప్పి మొదలైంది. మొదట్లో ఒళ్లు వేడెక్కాక తగ్గిపోయేది, తర్వాత పరుగంతా ఉండేది, చివరికి ఇంట్లో మెట్లు దిగినా తెలిసేది. ఎంట్రీ కట్టిన రేసు ఒకటి వదులుకోవాల్సి వచ్చింది, ఆ రోజు పడిన బాధ రన్నర్లకే అర్థమవుతుంది.

అంతకుముందు వేరే చోటికి వెళ్తే, కాలు సరిగ్గా పట్టుకుని చూడకుండానే కరెంటు మెషిన్ పెట్టి, "ఈ వయసులో పరుగులెందుకు సార్, వాకింగ్ చేసుకోండి" అని పంపించారు. నాకు చాలా కోపం వచ్చింది. పరుగు మానేయడానికి ఎవరి సలహా అక్కర్లేదు కదా.

ఇక్కడ మేడమ్ అడిగిన మొదటి మాట "మళ్లీ రేసెప్పుడన్నా?" అని. తర్వాత చీలమండ దగ్గర్నుంచి పైకి, ఎముక అంచు వెంట బొటనవేలితో కొంచెం కొంచెంగా నొక్కుకుంటూ వచ్చారు. నేను మూలుగుతుంటే "రొంత ఓర్చుకో అన్నా, ఇది తెలియాలి" అంటూ నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పెన్నుతో గీత పెట్టారు. నాకు జానెడు పొడవునా ఉంది. నొప్పి అలా పరుచుకుని ఉంటే ఎక్కువగా షిన్ స్ప్లింట్సేనట, అంటే పరుగు భారం ఎక్కువై ముందరి ఎముక అంచు వెంట వచ్చే నొప్పి. అలాకాక ఒకే చోట వేలు పెట్టగానే ప్రాణం పోయినట్టుండి, రాత్రి పడుకున్నాక కూడా సలుపుతుంటే ఎముకలో సన్నటి పగులుందేమో చూడాలి, అది మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎంఆర్ఐ తీయాల్సి రావచ్చు అని చెప్పారు. ఇంత వివరంగా నాకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత గోడ పట్టుకుని ఒంటికాలి మీద మడమ ఎత్తి దించమన్నారు. కుడికాలు హాయిగా చేసుకుపోయింది. ఎడమకాలు సగానికే వణికి ఆగిపోయింది. పిక్కలో పైకి కనపడే కండ ఒక్కటే కాదు, దాని కింద సోలియస్ అని ఇంకోటి ఉంటుంది, పరుగులో భారం ఎక్కువగా మోసేది అదే. దానికి బలం రావాలంటే మోకాలు కొంచెం వంచి మడమలు ఎత్తాలి. నిటారుగా నిలబడి చేస్తే పైకండకే ఎక్కువ పని పడుతుందట. షూ తిప్పి అరుగుదల చూశారు. రోజూ రోడ్డుకు ఒకే పక్కన పరుగెత్తుతానని చెప్తే, రోడ్డు అంచుకు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది, వీలైనప్పుడు చదునైన గ్రౌండ్‌కు మారమన్నారు. అడుగులు కాస్త చిన్నవి చేసి, నిమిషానికి వేసే అడుగుల సంఖ్య పెంచమన్నారు. మడమ మరీ ముందుకు వేసి బాదకుండా ఉంటుంది.

మెషిన్లు ఉన్నాయి కానీ వాటిమీద టైమ్ వేస్ట్ చేయరు. పని అంతా మనతోనే చేయిస్తారు. మళ్లీ పరుగు మొదలుపెట్టడానికి కాగితం మీద రాసిచ్చారు: నిమిషం పరుగు, నిమిషం నడక, రోజు విడిచి రోజు. పదికి మూడు లోపు నొప్పైతే పర్వాలేదు, కానీ మర్నాడు పొద్దున లేచేసరికి అది పోవాలి, పోకపోతే అంతకుముందు వారం పెట్టిన దూరానికి తగ్గాలి. ఈ ఒక్క లెక్కతో నా టెన్షన్ సగం పోయింది, ఎందుకంటే కాలు చిన్నగా చురుక్కుమన్నప్పుడల్లా అంతా అయిపోయిందని భయపడే పని తప్పింది.

మసాజ్ చేయించుకుని పడుకుందామనుకునేవాళ్లకు ఈ సెంటర్ నచ్చదు. ఇంట్లో వ్యాయామాలు చేయకుండా వెళ్తే ఇట్టే కనిపెట్టేస్తారు.

ఇక స్టార్ ఎందుకు తగ్గించానంటే, సాయంత్రం అపాయింట్‌మెంట్ టైమ్‌కు పిలవరు. ఆరున్నరకు రమ్మంటే ఏడున్నర కావచ్చు, ఆ వెయిటింగ్ హాల్లో కుర్చీలు తక్కువ, మోకాళ్ల నొప్పులతో వచ్చిన పెద్దవాళ్లు నిలబడాల్సి వస్తోంది. ఇది తప్పకుండా సరిచేయాలి. పొద్దున పదికి గానీ తెరవరు కాబట్టి ఉద్యోగస్తులకు సాయంత్రం తప్ప దారి లేదు. ఫీజు సిట్టింగ్‌కు 400, ప్యాకేజీ తీసుకోమని ఒత్తిడి లేదు.

ఇప్పుడు 15 కిలోమీటర్లు నొప్పి లేకుండా పరుగెత్తుతున్నాను. ఆగస్టులో హైదరాబాద్ ఫుల్ నా టార్గెట్. అంటే లాంగ్ రన్లన్నీ మన కర్నూలు ఎండాకాలంలోనే పడతాయి, తెల్లవారుజామున నాలుక్కే రోడ్డెక్కాలి, ఆరున్నర దాటితే ఎండ నిలవనివ్వదు. మేడమ్ 30 కిలోమీటర్ల లాంగ్ రన్ దాకా ప్లాన్ వేసిచ్చారు, ప్రతి నాలుగో వారం దూరం తగ్గించేలా. ఫుల్ అయ్యాక 50 కిలోమీటర్ల అల్ట్రా (ఫుల్ కంటే పొడవైన రేసు) కూడా చేయాలనుందని చెప్తే ఆవిడ వద్దనలేదు, ముందు ఒంటికాలి మీద మడమ ఎత్తడం రెండు పక్కలా సమానంగా చేసి చూపించమన్నారు.

వెళ్లేవాళ్లు ముందు ఫోన్ చేయండి, మీరు రోజూ వేసుకునే పాత షూ తీసుకెళ్లండి, వాచ్‌లోనో ఫోన్‌లోనో గత రెండు నెలల రన్నింగ్ రికార్డు ఉంటే చూపించండి, మొదటి రోజే సగం సంగతి తేలిపోతుంది.