విశాఖ ఎంవీపీ కాలనీలో ఆదివారం స్టాటిస్టిక్స్ క్లాసు: నిజంగా పనికొచ్చింది

పరవాడలో మందుల కంపెనీలో పని నాది, రోజూ ప్రయోగాలే, కానీ ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎన్నిసార్లు చేయాలో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అందుకే ఎంవీపీ కాలనీలో ఒక మేడ మీద నడిచే ఈ క్లాసులో చేరాను. ఉన్న ప్రయోగాలతోనే వీలైనంత కచ్చితమైన ఫలితం రావాలంటే వాటిని ఎక్కడెక్కడ, ఎన్నెన్ని చేయాలో చెప్పే ఆప్టిమల్ డిజైన్ల పాఠంతోనే కట్టిన ఫీజు గిట్టుబాటైంది. సార్ బోర్డు మీద -1 (అతి తక్కువ ఉష్ణోగ్రత అనుకోండి) నుంచి 1 (అతి ఎక్కువ) దాకా గీత గీసి, ఫలితాలకు వర్గ సమీకరణం అమర్చాలంటే ప్రయోగాలన్నీ -1, 0, 1 దగ్గరే సమానంగా పంచి పెట్టండి అన్నారు. మధ్యలో ఇంకెక్కడా వద్దా అని అడిగాను. ఒక్కో ప్రయోగంలో దోషం వేరియన్స్ 1 అనుకుని, ఆ సమీకరణం ఇచ్చే అంచనా వేరియన్స్‌ని (అంచనా ఎంత అటూఇటూ అవుతుందో చెప్పే కొలతని) ప్రయోగాల సంఖ్యతో గుణించి వక్రం గీశారు, సరిగ్గా ఆ మూడు చోట్లే 3ని తాకింది, మిగతా అంతటా కిందే ఉంది! 3 అంటే వర్గ సమీకరణంలో మనం కనుక్కోవాల్సిన గుణకాల సంఖ్య. ఆ సంఖ్యను వక్రం ఎక్కడా దాటకపోతే డిజైన్ డీ-ఆప్టిమల్ (గుణకాలన్నిటి అనిశ్చితిని కలిపి డిటర్మినెంట్‌తో కొలిచి, దాన్ని అతి తక్కువ చేసేది) అని, అంచనా గరిష్ఠ వేరియన్స్‌ను వీలైనంత తగ్గించే జీ-ఆప్టిమల్ కూడా అదేనని 1960లో కీఫర్, వోల్ఫోవిట్జ్ అనే స్టాటిస్టిక్స్ పండితులు నిరూపించారట. ఇంత ముఖ్యమైన సంగతి కాలేజీలో మాకు చెప్పనే లేదు, అదే బాధ.

జిరాక్స్ నోట్సు మాత్రం మరీ దారుణం, మాత్రికల్లో చిన్న అంకెలు అసలు కనబడవు. గుణకాల సగటు వేరియన్స్‌ను తగ్గించే ఏ-ఆప్టిమల్ గురించి పది నిమిషాల్లో ముగించేశారు. మాత్రికలు, డిటర్మినెంట్లు ఒకసారి తిరగేసుకుని వెళ్లండి, ముందు బెంచీలో కూర్చోండి.